విశాఖ ఉప్పుగాలిలో కంప్యూటర్ మోత తగ్గించడం

కంప్యూటర్ మోత పెట్టగానే చాలామంది ద్వారకానగర్ వెళ్లి కొత్త ఫ్యాను కొనేస్తారు. బిగించాక చూస్తే మళ్లీ అదే హోరు. అసలు మోత చేస్తున్నది ఆ ఫ్యాను కాకపోతే ఇంతే మరి. ముందు క్యాబినెట్ పక్క పలక విప్పండి. పాత క్యాలెండర్ కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఒక్కో భాగం దగ్గర పెట్టి వినండి. గొట్టం రెక్కలకు తగలకూడదు. అప్పటికీ తేలకపోతే, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు మధ్యలో ఉన్న గుండ్రటి బిళ్ల మీద వేలు ఆనించి 2, 3 సెకన్లు ఆపండి. మోత ఆగిందా, దొంగ దొరికినట్టే. రెక్కల్ని మాత్రం పట్టుకోవద్దు.

ఉత్త గాలి హోరైతే వేగం ఎక్కువైనట్టు. కిర్రుకిర్రుమంటే బేరింగు అరిగినట్టు. బల్ల మీద చెయ్యి పెడితే సన్నగా అదురుతోందంటే హార్డ్ డిస్కు. నిమిషానికి 7200 చుట్లు తిరిగేది సెకనుకు 120 సార్లు అదురుతుంది, డొల్ల ప్లైవుడ్ బల్ల ఆ అదురుని తబలాలా పెంచి వినిపిస్తుంది.

మన ఊళ్లో మొదటి ముద్దాయి మాత్రం దుమ్మే. అదీ మామూలు దుమ్ము కాదు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్లలో గాలితోపాటు ఉప్పు లోపలికి వస్తుంది. ఉప్పు తేమను పీల్చుకుంటుంది కాబట్టి దుమ్ము పొడిగా ఉండదు, జిడ్డుగా అంటుకుపోతుంది. బ్లోయరు కొడితే పైపొర లేస్తుంది, అంతే. ప్రాసెసర్ ఫ్యానుకీ దాని కింద ఉన్న అల్యూమినియం రేకులకీ మధ్య దుప్పటిలా పేరుకున్నది కదలదు. పైనుంచి చూస్తే రెక్కలు శుభ్రంగానే ఉంటాయి, కింద గాలి పోయే దారే ఉండదు. అందుకని ఫ్యానూ రేకులూ కలిసిన ఆ కూలరు విప్పాల్సిందే.

విప్పేముందు కంప్యూటరుని 5 నిమిషాలు నడపండి. ప్రాసెసరు వేడిని కూలరుకి అందించడానికి మధ్యలో పూసిన పాత పేస్టు ఆ వేడికి మెత్తబడుతుంది. ఆ తర్వాత ప్లగ్గు పీకి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. కూలరుని నిలువుగా లాగకుండా, అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ తియ్యండి. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లకి వాడే ఏఎం4 రకం మదర్‌బోర్డుల్లో ఒక్కసారిగా లాగితే ప్రాసెసరు కూడా కూలరుకి అతుక్కుని ఊడి వస్తుంది, పిన్నులు వంగితే ఖర్చు వేలల్లోనే. ఫ్యాను విడదీసి, రేకుల్ని అంగుళం పెయింటు బ్రష్షుతో దులపండి. జిడ్డు వదలకపోతే ఆ లోహపు ముక్కని గిన్నెల సబ్బుతో కడగొచ్చు, పూర్తిగా ఆరాకే బిగించాలి. ఫ్యానుని కడగొద్దు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రెక్కలు తుడవండి. బ్లోయరు వాడేటప్పుడు రెక్కని వేలితో ఆపి ఉంచండి. గిర్రున తిరగనిస్తే సరదాగానే ఉంటుంది గానీ బేరింగు పాడవుతుంది.

కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు. ఇంటెల్ డబ్బాతో వచ్చే కూలరు నాలుగు కాళ్లనీ ఎదురెదురు మూలల జతలుగా నొక్కాలి, ఒక్కోటీ టక్కుమనాలి. ఒక్క కాలు సరిగా దిగకపోయినా పని మొదలవగానే వేడి 90 డిగ్రీలు దాటేస్తుంది, ఫ్యాను మునుపటికన్నా పెద్దగా అరుస్తుంది.

తర్వాతి పని విండోస్ మొదలవకముందే తెరిచే సెట్టింగుల తెర, బయోస్‌లో. ఆసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అని ఫ్యాను వేగం సెట్టింగు ఉంటుంది. ఇక్కడే విశాఖ ఉక్కపోత లెక్కలోకి వస్తుంది. మేలో ఏసీ లేని గదిలో 34 డిగ్రీలుంటే, ఏ పనీ లేని ప్రాసెసరు కూడా 45, 50 మధ్య ఉంటుంది. ఫ్యాను వేగం 40 డిగ్రీల నుంచే పెరిగేలా పెట్టి ఉంటే, అది కనిష్ఠ వేగానికి దిగే అవకాశమే లేదు. 55 డిగ్రీల దాకా 30 శాతం, 70కి 50, 80కి 75, 90కి 100 అని పెట్టి చూడండి. 30 శాతం దగ్గర ఫ్యాను ఆగి ఆగి తిరుగుతుంటే 35 చెయ్యండి. బ్రౌజరు తెరిచినప్పుడల్లా వూమ్ అని లేచి పడిపోవడం చెవికి నిలకడైన హోరుకన్నా చిరాకు. వేగం పెరగడానికి 3 నుంచి 5 సెకన్ల ఆలస్యం పెట్టే వీలుంటే పెట్టండి, అది పోతుంది.

మూడు పిన్నుల ఫ్యానుకి బయోస్ సెట్టింగుని డీసీకి (వోల్టేజీ తగ్గించి వేగం తగ్గించే పద్ధతి) మార్చాలి. నాలుగు పిన్నుల ఫ్యాన్లకి వాడే పీడబ్ల్యూఎం పద్ధతిలో వదిలేస్తే ఎప్పుడూ పూర్తి వేగమే. పవర్ సప్లై నుంచి వచ్చే పెద్ద కనెక్టరుకి నేరుగా తగిలించిన ఫ్యాన్లూ అంతే, వాటిని బోర్డు మీదికి మార్చండి. వేగం సగం చేస్తే మోత సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే నిమిషానికి 1200 చుట్లతో తిరిగే ఒక ఫ్యానుకన్నా 600తో తిరిగే రెండు నయం. ఆ రెండూ ఒకే రకమైతే ఒక చిక్కుంది: వేగాల్లో చిన్న తేడా వల్ల వూం... వూం... అని అలలుగా వినిపిస్తుంది. ఒకదాన్ని 100, 150 చుట్లు తగ్గించండి. రంగు దీపాల ఫ్యాన్లకి పెట్టే డబ్బు 120 మిల్లీమీటర్ల మంచి ఫ్యాను మీద పెట్టడం మేలు.

కిర్రుమనే ఫ్యానుకి కుట్టుమిషను నూనె చుక్క వేస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది, తర్వాత మార్చాల్సిందే. హార్డ్ డిస్కు మరలకి రబ్బరు వాషర్లు వెయ్యండి. విండోస్‌ని ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్కు) మీదికి మారిస్తే ఇంకా మంచిది. అదురు బల్లకి ఎక్కకుండా క్యాబినెట్ కింద పాత మౌస్ ప్యాడ్ ముక్కలు చాలు. కంప్యూటర్ టేబుల్ గూట్లో దూర్చి ఉంటే గూడు వెనక పలక తీసెయ్యండి, లేకపోతే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఆటలాడేటప్పుడు మాత్రమే కీచుమంటే అది గ్రాఫిక్స్ కార్డులోని తీగచుట్ట (కాయిల్), తెర మీద మారే బొమ్మల్ని, అంటే ఫ్రేముల్ని సెకనుకు 60కి కట్టేస్తే చాలావరకు తగ్గుతుంది.

మోత పవర్ సప్లైదైతే విప్పొద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. మొత్తంగా మార్చెయ్యండి.

జనవరిలో సరిచేసినవాళ్లు మేలో ఓ మధ్యాహ్నం మళ్లీ చూసుకోండి. అరగంట బరువైన పని పెట్టినా 85 లోపే ఉంటే ముట్టుకోనక్కర్లేదు. దాటితే 80 డిగ్రీల దగ్గర వేగాన్ని 5 శాతం పెంచండి.