ముక్కు బోండాలా ఉందట

సెల్ఫీలు ఎక్కువగా తీసుకునేవాళ్లంటే తమ అందం చూసి తామే మురిసిపోయే రకం అని తేల్చేస్తారు మనవాళ్లు. మా అవ్వయితే ఒక్క మాటలో "పొగరు" అనేస్తుంది. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడదు.

మొన్న సాయంత్రం అలిపిరి గరుడ విగ్రహం దగ్గర మా చిన్నమ్మ కూతుర్ని గమనించాను, డిగ్రీ చదివే పిల్ల, ఒక ఫొటో తీస్తుంది, రెండు వేళ్లతో జూమ్ చేసి ముక్కు చూసుకుంటుంది, డిలీట్ కొడుతుంది, మళ్లీ తీస్తుంది, వెనకాల గరుత్మంతుడు పడ్డాడా లేదా అన్న ధ్యాసే లేదు. "అక్కా, నా ముక్కు చూడు, బోండాలా ఉంది" అని ఏడుపు మొహం. పొగరున్నవాళ్లు ఇలా మాట్లాడతారా?

నిజానికి తప్పు ముక్కుది కాదు, దూరానిది. 2018లో అమెరికాలో లెక్కగట్టారు: ఫోన్ మొహానికి అడుగు దూరంలో ఉంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనబడుతుంది, ఐదడుగులు జరిగితే ఆ తేడా ఉండదు. ఇది తెలియక ఎంతమంది పిల్లలు అద్దం ముందు కుమిలిపోతున్నారో.

అదే ఏడాది కెనడాలోని యార్క్ యూనివర్సిటీ వాళ్లు కాలేజీ అమ్మాయిల చేత సెల్ఫీలు తీయించి పోస్ట్ చేయిస్తే, తర్వాత వాళ్లలో టెన్షన్ పెరిగింది, తమ మీద తమకు నమ్మకం తగ్గింది. ఎడిట్ చేసుకోనిచ్చినా అంతే! ఫిల్టర్ వేస్తే మనసు కుదుటపడుతుందనుకుంటాం కదా, అదీ లేదు.

నార్సిసిజంతో, అంటే తన మీద తనకే ఉండే మితిమీరిన మోజుతో, సంబంధమే లేదనను. కొన్ని పరిశోధనల్లో, అదీ మగవాళ్లలో ఎక్కువగా, కొంత కనబడింది. (మా అవ్వ మాత్రం అబ్బోళ్లని ఒక్క మాట అనదు.) ఇక అదేపనిగా సెల్ఫీలు తీసుకోవడం 'సెల్ఫైటిస్' అనే జబ్బని అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రకటించిందంటూ 2014లో తిరిగిన వార్త ఉత్త పుకారు. ఆ తర్వాత మన పక్కనే మదురైలో కాలేజీ పిల్లల మీద నిజంగానే పరిశోధన చేశారు, సెల్ఫీలు తీసుకోవడానికి అందులో తేలిన కారణాల్లో నలుగురి దృష్టిలో పడాలనే ఆశతో పాటు దిగులు పోగొట్టుకోవడం, ఫ్రెండ్స్‌లో కలిసిపోవడం కూడా ఉన్నాయి.

అందుకే మీ ఇంట్లో పిల్ల రోజుకెన్ని తీస్తోందని లెక్కపెట్టకండి. లైకులు రాలేదని పోస్ట్ తీసేస్తోందా, ఫొటోలో లావుగా పడ్డానని అన్నం మానేస్తోందా, పెళ్లికి రమ్మంటే మొహం బాలేదని గదిలోనే కూర్చుంటోందా, అవి చూడండి. అలాంటివి కనబడితే తిట్టకుండా కూర్చోబెట్టి మాట్లాడండి, మీ వల్ల కాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.