మందస నుంచి మహేంద్రగిరి: ఒక్క పగటిలో ఎక్కి దిగాలంటే

మహేంద్రగిరి శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాది. కానీ మన శ్రీకాకుళం జిల్లా మందసలో నిలబడి వాయవ్యానికి తిరిగితే మన ఊరి కొండలాగే కనిపిస్తుంది. ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలోని పర్లాకిమిడి వైపు నుంచి వాహనాలు దాదాపు పైదాకా వెళ్తాయి. మేం వెళ్లింది మందస వైపు నుంచి, కాలినడకన. ఈ దారిలో కష్టమంతా ఒక్కటే. నడక మొదలయ్యేది సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న మైదానంలో. అంటే ఒక్క పూటలో దాదాపు 1,400 మీటర్లు ఎక్కాలి, మళ్లీ అంతా దిగాలి.

అందుకే మా లెక్క ఎప్పుడూ పొద్దు గూకే వేళ నుంచి వెనక్కి నడుస్తుంది. డిసెంబరులో మనవైపు ఐదుంబావు, ఐదున్నర మధ్యలో సూర్యుడు దిగిపోతాడు. దిగడానికి నాలుగు గంటలు, ఏదైనా అడ్డం వస్తే ఇంకో గంట. కాబట్టి ఎక్కడున్నా సరే, పన్నెండుకి వెనక్కి తిరగాల్సిందే. గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కితే అది మంచి వేగం. ఆరుంబావుకి బయల్దేరి, మధ్యలో మొత్తంమీద అరగంటకు పైగా కూర్చోకుండా ఉంటే పదకొండున్నరకి పైన ఉంటారు. ఎనిమిదిన్నరకి ఫోన్‌లో ఎత్తు 700 మీటర్లు చూపించకపోతే ఆ రోజు శిఖరం అందదు. అక్కడే నిర్ణయం తీసుకోండి. ఇంకా పైకి వెళ్లాక వెనక్కి తిరగడానికి మనసు రాదు. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ ఎత్తు చూపిస్తుంది, మ్యాపు మాత్రం ముందే దించుకోవాలి.

ఇంకా చీకటితో ఎందుకు బయల్దేరకూడదు అని చాలామంది అడుగుతారు. ఉద్దానం, అంటే కొండ కిందున్న ఈ తోటల ప్రాంతం, అక్కడి జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరిగేది సంధ్యవేళల్లోనే. వెలుతురు వచ్చాకే తోటలు దాటండి, గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ. చప్పుడు ముందే వినిపిస్తే ఎలుగు తప్పుకుంటుంది. మలుపులో హఠాత్తుగా ఎదురుపడితేనే మీదపడుతుంది. కొండ కింది ఊళ్లో దారి తెలిసిన మనిషిని ముందురోజే మాట్లాడుకోండి. కట్టెల కోసం, పశువుల కోసం వెళ్లే బాటలు అడుగడుక్కీ చీలిపోతాయి. మ్యాపులో అవి ఉండవు.

నీళ్లు మనిషికి నాలుగు లీటర్లు. వాగుల్ని నమ్ముకోవద్దు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకి. చాలామంది అర లీటరు సీసాలో మొత్తం పోసేస్తారు. ఉప్పు, చక్కెర ఎక్కువై కడుపులో తిప్పుతుంది, దాహం ఇంకా పెరుగుతుంది. తిండికి పులిహోర, అరటిపళ్లు, జేబులో ఉప్పు వేసి వేయించిన పలాస జీడిపప్పు. ఒక్కసారిగా కడుపునిండా తినొద్దు, గంటకోసారి గుప్పెడు చాలు. మందస కోవా మాత్రం తిరిగి వచ్చాక తినండి, ఎండలో సంచిలో ఉంటే పులుస్తుంది.

జీన్స్ వద్దు. పైన కిందకన్నా సుమారు తొమ్మిది డిగ్రీలు తక్కువ ఉంటుంది. చెమటకి తడిసిన నూలుబట్ట మీద ఆ గాలి తగిలితే వణుకు పుడుతుంది. పొడి చొక్కా ఒకటి ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకోండి.

పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో రాతిగుళ్లు ఉన్నాయి. భీముడి గుడిని దగ్గర్నుంచి చూడండి. చిన్న గుడి, కానీ పేర్చినవి మహా బండలు. ఒక్కో బండ అంచు పక్క బండ మీద ఎలా కూర్చుందో వేలితో తడిమి చూడవచ్చు. మన జిల్లాలోని ముఖలింగాన్ని రాజధాని చేసుకుని కళింగాన్ని ఏలిన గాంగ రాజులకు ఈ కొండ మీది గోకర్ణస్వామే కులదైవం. వాళ్ల రాగిశాసనాల్లో ఆ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. మనకిది పొరుగు రాష్ట్రం కొండ మాత్రమే కాదు.

దెబ్బలు తగిలేది దిగేటప్పుడే. బండ మీద ఎండుగడ్డి పరుచుకున్నచోట కాలు సర్రున జారుతుంది. ఆకుల కింద కదిలే రాళ్లు కనపడవు. మడమ ముందు పెట్టొద్దు, పాదం మొత్తం ఒకేసారి ఆనాలి, అడుగు చిన్నదిగా ఉండాలి. బయల్దేరే ముందురోజు కాలిగోళ్లు కత్తిరించుకోండి. దిగేముందు లేసులు చీలమండ దగ్గర బిగించండి. లేకపోతే వేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి.

నెలల్లో డిసెంబరు, జనవరి మంచివి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గరే. వానపడ్డ మర్నాడు కూడా ఎక్కొద్దు, బండల మీద నాచు ఆరదు. శివరాత్రికి పైన జాతర. జనం మధ్య మన వేగం మన చేతిలో ఉండదు.

ఎవరికైనా మోకాలు పట్టేస్తే వచ్చిన దారినే దించకండి. పర్లాకిమిడి వైపు రోడ్డుకి నడిపించడం మేలు. అందుకని ఆ వైపు జీపువాడి నంబరు ఒకటి కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఫోన్ చార్జింగు అయిపోయినా పనికొస్తుంది.