పెరుగు తోడుకోని ఆదివారం

డిసెంబరు చలికి రాత్రి వేసిన పెరుగు తోడుకోలేదు. పొద్దున్నే గిన్నె మూత తీసి చూసిన మా అమ్మాయి, "అమ్మా, పెరుగు సెట్ అవ్వలేదు" అన్నది. ఆ మాట రోజంతా నన్ను వదలలేదు.

టిఫినుకు బెంగళూరు జయనగరంలో ఎప్పుడూ వెళ్లే హోటలుకే వెళ్లాము. అక్కడ మళ్లీ సెట్ దోశ: స్పంజిలా మెత్తగా ఒకదానిమీద ఒకటి మూడు దోశలు, పక్కన సాగు అనే కూరగాయల కూర, కొబ్బరి చట్నీ. దోశలోని సెట్, పెరుగుకు తగిలించిన సెట్ పుట్టుకతో ఒక్కటి కావు. క్రియగా వాడే సెట్ 'సిట్'కు ప్రేరణార్థకం, అంటే కూర్చోబెట్టడం. జట్టు అనే అర్థమిచ్చే సెట్ మాత్రం అనుచరగణం అని చెప్పే లాటిన్ 'సెక్టా' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరింది. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో ఆ క్రియ ఒక్కదానికే సుమారు 430 అర్థాలు, 60,000 పదాల వివరణ ఉన్నాయి. ఆ తరువాతి సవరణలో 645 అర్థాలతో 'రన్' దానిని దాటిపోయింది.

మన 'పెట్టు' కూడా తక్కువది కాదు. అన్నం పెడతాము, పేరు పెడతాము, దీపం పెడతాము, కన్నీళ్లు పెట్టుకుంటాము. అయినా ప్రతి పనికీ దానినే వాడలేదు మన పెద్దలు. పాలు తోడుకుంటాయి, విరిగిన ఎముక అతుక్కుంటుంది, పొద్దు గుంకుతుంది, సంబంధం కుదురుతుంది. ఇన్ని క్రియల చోటా ఒక్క 'సెట్ అవ్వడం' వచ్చి కూర్చోవడమే నాకు బాధ. నగల సెట్టూ సినిమా సెట్టూ ఉండనీ, వాటితో నాకు పేచీ లేదు. తోడుకోవడం పోతే మాత్రం 'తోడు' కూడా పోతుంది. గిన్నెడు పాలను పెరుగు చేసే ఆ చెంచాడు పెరుగుకూ, ఒంటరిగా వెళ్లే మనిషి వెంట నడిచే మనిషికీ మన భాషలో పేరు ఒక్కటే.

సాయంత్రం పక్కింటి కన్నడ ఆవిడను తోడు అడిగి తెచ్చుకున్నాను. వాళ్లు దానిని 'హెప్పు' అంటారు. పాలు గోరువెచ్చగా అయ్యాక అమ్మాయి చిటికెన వేలు ముంచి చూసి, తనే తోడు వేసి కలిపింది. గిన్నెను పాత తువ్వాలులో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాము. పడుకోబోయే ముందు వచ్చి, "రేపటికి తోడుకుంటుందా అమ్మా?" అని అడిగింది.