సమూహంలో ఉన్నాడని తలంచి

పన్నెండేళ్ల యేసు దేవాలయంలో దొరికిన సంగతి సండే స్కూల్ నుంచీ మనందరికీ కంఠతా వచ్చిందే. ఈ మధ్య నేను మాత్రం లూకా సువార్త 2:44 దాటి ముందుకు పోలేకపోతున్నాను. "ఆయన సమూహములో ఉన్నాడని తలంచి, యొక దినప్రయాణము సాగిపోయి."

మరియ యోసేపులు ఆయన్ని ఎప్పుడు పోగొట్టుకున్నారో చూడండి. యెరూషలేములో పస్కా పండుగ చేసుకుని, అన్నీ ధర్మశాస్త్రం ప్రకారం ముగించుకుని, సొంత జనంతో ఇంటికి పోతున్నప్పుడు! పోగొట్టుకున్నది ఎవరు? కన్నతల్లి. "తలంచి" అన్న ఆ ఒక్క మాట దగ్గరే నా గుండె ఆగిపోతుంది. వెనక్కి తిరిగి చూడలేదు, పేరు పెట్టి పిలవలేదు. ఉన్నాడులే అనుకున్నారు. దినప్రయాణం అంటే తక్కువా? తిరుపతిలో పొద్దున్నే బయల్దేరి నడిస్తే పొద్దుగూకేసరికి పుత్తూరు దగ్గరికి పోతాం. అంత దూరం ఆయన లేకుండా నడిచినా తెలియలేదు. చుట్టూ మనుషులు, మాటలు, సందడి.

ఆదివారం ఆరాధన, బుధవారం గృహకూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం క్వయర్ ప్రాక్టీస్. వీటన్నిటిలో ఆయన ఉన్నాడనే మనమూ తలంచుతున్నాం.

పోయినేడు గుళ్లో కోతపండుగకి జనం తెచ్చిన కానుకల వేలం లెక్కలు నేనే చూశాను. గుమ్మడికాయలు, టెంకాయల గెలలు, కాళ్లు కట్టేసిన నాటుకోళ్లు, కేకులు. సాయంత్రం నోట్లు లెక్కపెడుతుంటే మా సంఘంలోని ఒక పెద్దమ్మ వచ్చి నా కొంగు పట్టుకుంది. "పాపా, మంగళవారం కంటికి ఆపరేషను. భయంగా ఉంది. ఒక్క మాట ప్రార్థన చెయ్యవా?" అంది. "లెక్క తప్పిపోతుంది, ఒక్క నిమిషం పెద్దమ్మా" అన్నాను. తలెత్తేసరికి ఆమె లేదు. ఏర్పేడు బస్సుకి పోయిందన్నారు.

ఆ రాత్రి బైబిలు జిప్పు తీశాను. వేలం చీటీలు, టెంట్ హౌస్ బిల్లు, రసీదు పుస్తకం బయటపడ్డాయి. లోపల రిబ్బను శ్రమదినాల్లో, అంటే ఈస్టరుకి ముందు ఉపవాస దినాల్లో, పెట్టిన చోటే ఉంది. కూర్చుని ఏడ్చాను.

మరియ యోసేపులు మొదట బంధువుల్లో, నెళవైనవాళ్లలో, అంటే తెలిసినవాళ్లలో, వెదికారు. మనమూ అంతే. ఎవరి సాక్ష్యంలోనో, ఎవరి పాటలోనో కాసేపు ఆయన జాడ దొరికితే చాలనుకుంటాం. వాళ్లకి అక్కడ దొరకలేదు. నడిచిన దారంతా వెనక్కి నడవాల్సి వచ్చింది. మూడు దినాలైన తర్వాత దేవాలయంలో కనబడ్డాడు. మరి అది గుడే కదా అంటారేమో. గుడే! కానీ ఆయన అక్కడ ఏం చేస్తున్నాడు? కూర్చుని ఉన్నాడు. బోధకుల మాటలు వింటూ, ప్రశ్నలు అడుగుతూ ఉన్నాడు. మనం గుళ్లో అలా కూర్చుని ఎన్నాళ్లయింది?

అక్కలారా, అన్నలారా, పనులు మానేయమని నేను చెప్పను. కుర్చీలు ఎవరో ఒకరు వేయాలి, ప్రభురాత్రి భోజన సంస్కారపు గిన్నెలు ఎవరో ఒకరు కడగాలి. అయితే మైకు పట్టుకునే ముందు, కానుక సంచి ఎత్తే ముందు ఒక్కసారి ఆగి ఆయన్ని పిలవండి. పలికేదాకా కదలొద్దు. ఇంట్లో తలుపు మూసుకుని, ఎవరూ వినని చోట పిలవండి. పాట రాకపోయినా ఫరవాలేదు. కన్నీళ్లొస్తే రానివ్వండి.

బుధవారం ఏర్పేడు పోయాను. పెద్దమ్మ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నులకమంచం మీద కూర్చుని ఉంది. క్షమించమని అడుగుదామనుకుంటే నోరు పెగల్లేదు. నా గొంతు వినగానే, "వచ్చినావా పాపా" అని చేత్తో తడుముకుంటూ నా తల వెతికి, దానిమీద చెయ్యి పెట్టి, తనే నాకోసం ప్రార్థన మొదలుపెట్టింది.