ఎడమ మలుపుల్లో పెరిగిన మూలుగు

ఆ శబ్దాన్ని మొదట పట్టుకున్నది అమ్మ. ఇంట్లోంచి బయలుదేరి గంటన్నర దాటింది. రోడ్డు తిన్నగా ఉంది, వేగం 70 దగ్గర నిలకడగా ఉంది. వెనక సీట్లో కిటికీకి తల ఆనించి కూర్చున్న అమ్మ, "నాన్నా, కింద ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు లేదూ?" అంది. అద్దాలు ఎక్కించి, పాటలు ఆపి విన్నాను. నిజమే. సన్నగా, ఎడతెగని మూలుగు.

మూడు నెలల క్రితం కొన్న పాత కారు అది. అప్పటికే 90 వేల కిలోమీటర్లు తిరిగింది. కొనేముందు ఇంజను, క్లచ్, తుప్పు అన్నీ చూశాను. చక్రాలు పైకెత్తి తిప్పి మాత్రం చూడలేదు. పాత కారు కొనేవాళ్లు అద్దాలు మూసి, పాటలు ఆపి కనీసం 20 నిమిషాలు రకరకాల వేగాల్లో నడిపి చూడాలని ఇప్పుడు అడిగినవారికీ అడగనివారికీ చెబుతున్నాను.

వేగం 50కి తగ్గిస్తే మూలుగు సన్నగిల్లింది, 80కి పెంచితే బొంగురుగా పెరిగింది. అదే వేగంలో గేరు మార్చి చూశాను. ఇంజను స్వరం మారింది, ఇది మారలేదు. ముందూ వెనకా ఎవరూ లేని చదును దారిలో క్లచ్ తొక్కి కాసేపు కారును దాని ఊపుకే వదిలాను. మూలుగు అలాగే ఉంది. అంటే ఇంజనుది కాదు, చక్రాలతోపాటు తిరిగేది ఏదో అరుస్తోంది. (ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఈ పరీక్ష చేయకూడదు. అక్కడ గేరు పట్టే కారును నిలుపుతుంది.)

తర్వాత అనుమానం టైర్ల మీదికి పోయింది. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు అచ్చం ఇలాగే మూలుగుతుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. కారు పక్కకు ఆపి నాలుగు టైర్ల మీదా అరచేతిని ముందుకొకసారి, వెనక్కొకసారి నిమిరాను. రంపం పళ్లలా ఒకవైపు గుచ్చుకుంటే దోషం టైరుదే కావచ్చు. నాలుగూ నున్నగానే ఉన్నాయి. కాస్త దూరం పోయాక తారు రోడ్డు అయిపోయి సిమెంటు రోడ్డు వచ్చింది. టైరు శబ్దమైతే రోడ్డుతోపాటు తీరు మార్చుకోవాలి. ఇది మార్చుకోలేదు.

ఘాట్ రోడ్డు మొదలయ్యాక దాచుకోవడం దానికి సాధ్యం కాలేదు. ఎడమ మలుపు తీసుకున్న ప్రతిసారీ మూలుగు పెరిగేది, కుడి మలుపులో దాదాపు వినబడకుండా పోయేది. మలుపులో కారు బరువు బయటివైపు చక్రాల మీదికి ఒరుగుతుంది. ఎడమకు తిరిగితే కుడి చక్రాలు ఎక్కువ బరువు మోస్తాయి, చక్రాన్ని సాఫీగా తిరగనిచ్చే బేరింగ్ (లోపల ఉక్కు గుండ్లుండే రింగు) అరిగితే ఆ బరువుకు అరుస్తుంది. అయితే అమ్మ మాత్రం, "ఎడమవైపు నుంచే వస్తోంది నాన్నా, నా కాళ్ల కిందే" అని గట్టిగా అంది. ఇనుప శరీరం వెంబడి శబ్దం ఎక్కడికైనా పాకుతుంది కాబట్టి చెవి చెప్పే దిక్కును నమ్మలేం. రెండు వరసల గుండ్లుండే బేరింగ్‌లలో మలుపు కూడా ఒక్కోసారి తప్పు చెబుతుంది. అందుకే మలుపును సాక్షిగానే తీసుకున్నాను, తీర్పు ఇవ్వలేదు.

కొండ దిగాక బ్రేకులు చల్లారేదాకా అరగంట ఆగాం. తర్వాత చదును దారిలో 10 కిలోమీటర్లు బ్రేకు దాదాపు తొక్కకుండా నడిపి, వేగం దానంతట అదే తగ్గేలా చేసి ఆపాను. ఒక్కో చక్రం నడిమి భాగానికి అరచేతి వెనకవైపును దగ్గరగా పెట్టి చూశాను, తాకలేదు. మూడు చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయి. ముందరి కుడి చక్రం దగ్గర చెయ్యి నిలవలేదు.

ఇంకా 240 కిలోమీటర్లు పోవాలి. మూలుగుతున్న బేరింగ్ వందల కిలోమీటర్లు లాగించవచ్చు, లాగించకపోవచ్చు. ఎంతకాలం ఉంటుందో లెక్క కట్టే దారి లేదు. వదులు మొదలైతే చక్రం ఊగుతుంది, ఆ ఊపుకు బ్రేకు ప్యాడ్లు వెనక్కి జరిగి పెడల్ లోతుకు పోతుంది. మరీ ముదిరితే బిగుసుకుపోతుంది, లేదా చక్రమే ఊడుతుంది. అమ్మను వెనక కూర్చోబెట్టుకుని ఆ జూదం ఆడలేను. 50 దాటకుండా నడిపి, బేరింగ్‌ను నొక్కి తీసే, ఎక్కించే ప్రెస్ యంత్రం ఉన్న షెడ్డు కనిపించేదాకా పోయాం.

మేస్త్రీ వయసు అరవై ఉంటుంది. నేను చెప్పింది పూర్తిగా విని, కారు ఎత్తి కింద స్టాండ్లు పెట్టాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. కదలలేదు. అటూ ఇటూ పట్టుకుని ఊపాడు. కదలలేదు. నా లెక్కంతా తప్పిందేమో అనుకున్నాను.

"ఊగితేనే పోయినట్టు కాదు సార్. స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టండి," అన్నాడు.

చక్రం పైనున్న సస్పెన్షన్ స్ప్రింగ్‌ను వేళ్లతో పట్టుకున్నాను. ఆయన చక్రాన్ని మెల్లగా చేత్తో తిప్పాడు. స్ప్రింగ్ లోంచి వేళ్లలోకి సన్నని గరగర పాకింది, గాజు పలక కింద ఇసుక నలుగుతున్నట్టు. చక్రం ఆగితే అదీ ఆగింది. ఎడమవైపు స్ప్రింగ్ పట్టుకున్నప్పుడు చక్రం తిరుగుతోందని కూడా తెలియలేదు. అంత నిశ్శబ్దం. అమ్మను పిలిచాను. ఆమె రెండువైపులా పట్టుకుని చూసి, "కుడిదే" అంది.

చక్రం ఊగిన కార్లలో ఆయన చేసేది కూడా చెప్పాడు. ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమంటాడు. ఊపు పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్ (సస్పెన్షన్‌లోని కీలు) లాంటి మరో చోట వదులు.

తర్వాతి పనంతా మూడు గంటలు. కారును కిందికి దించి, చక్రాలు నేల మీద ఉండగానే బ్రేకు తొక్కించి, చక్రం నడుమ ఉండే యాక్సిల్ నట్టు వదులు చేశాడు. బ్రేకు ప్యాడ్లను పట్టుకునే కాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టాడు. బేరింగ్ కూర్చునే ఇనుప దిమ్మను, అంటే నకిల్‌ను విప్పి, చక్రం బిగించే హబ్‌ను ప్రెస్ మీద బయటికి తోస్తే, బేరింగ్ లోపలి రింగు ఒక ముక్క హబ్‌కే అంటుకుని వచ్చింది. దాన్ని గ్రైండర్‌తో కొంతమేర కోసి, ఉలితో ఒక్క దెబ్బకు పగలగొట్టాడు. హబ్ మీద గీత పడలేదు.

నేను కళ్లార్పకుండా చూసింది కొత్త బేరింగ్ ఎక్కించడం. పాత బేరింగ్ బయటి రింగును కొత్తదాని మీద ఆనించి, ఆ అంచు మీదే ప్రెస్ బరువు పడేలా నకిల్ లోకి దించాడు. హబ్ ఎక్కించేటప్పుడు మాత్రం కింద లోపలి రింగుకు ఆసరా పెట్టాడు. బరువు గుండ్ల మీదుగా పోతే అవి నడిచే దారిలో గుంటలు పడతాయి, కొత్త బేరింగ్ కొద్దిరోజులకే మూలుగు మొదలుపెడుతుంది. సుత్తి అసలు ముట్టుకోలేదు. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ చదివే అయస్కాంత పట్టీ ఉన్న ముఖం సెన్సర్ వైపే ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. చివర యాక్సిల్‌కు కొత్త నట్టు వేసి, తయారీదారు పుస్తకంలో ఇచ్చిన లెక్కకు బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించి, దాని అంచును గాడిలోకి నొక్కాడు. ఆ బిగింపు పూర్తయ్యేదాకా చక్రం మీద కారు బరువు పడనివ్వలేదు.

ఎడమది కూడా మార్చేద్దామా అని అడిగితే, "బాగున్నదాన్ని ఎందుకు విప్పడం సార్, అది మాట్లాడినప్పుడు చూద్దాం" అన్నాడు. నాకూ అదే సరైన మాటనిపించింది.

పాత బేరింగ్‌ను తుడిచి అమ్మ చేతిలో పెట్టాను. అద్దంలా ఉండాల్సిన గుండ్ల దారిలో ఒకచోట ఉక్కు పెచ్చులుగా లేచి, గోటికి తగిలేంత గరుకుగా ఉంది. లోపలి గ్రీజు పాలు కలిపినట్టు తెల్లబారి, అంచున తుప్పు రంగు తేలింది. సీలు దాటి నీళ్లు పోయాయన్నమాట. నా దగ్గరికి రాకముందు ఏ వర్షాకాలంలోనో నీళ్లు నిండిన ఏ రోడ్డు దాటిందో.

చీకటి పడుతుండగా మళ్లీ బయలుదేరాం. 80లో అద్దాలు ఎక్కించి, పాటలు పెట్టకుండానే చాలాసేపు నడిపాను. 100 కిలోమీటర్లు పోయాక ఆగి, చక్రం నట్లను మరోసారి రెంచ్‌తో సరిచూసి, ముందరి రెండు హబ్‌ల దగ్గరా చెయ్యి పెట్టాను. రెండూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి. వెనక సీట్లో అమ్మ నిద్రపోయింది.