వర్డ్ షార్ట్‌కట్లు, పేజీ సెట్టింగులు: జాబితా పక్కన పెట్టి చదివిన పద్ధతి

తోటి అభ్యర్థులకు నమస్కారం. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్ (డిగ్రీ స్థాయి ఉద్యోగాల పరీక్ష) రెండో అంచెకూ, ఏపీపీఎస్సీ గ్రూప్-2 కంప్యూటర్ ప్రావీణ్య పరీక్షకూ ఒకేసారి సిద్ధమవుతున్నప్పుడు మైక్రోసాఫ్ట్ వర్డ్ భాగాన్ని నేను ఎలా చదివానో, అందులో ఏది పనికొచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. సీజీఎల్‌లో కంప్యూటర్ పరిజ్ఞానానికి 20 ప్రశ్నలు, 60 మార్కులు, 15 నిమిషాల సమయం ఉంటాయి. తప్పు జవాబుకు ఒక మార్కు కోత పడుతుంది. గ్రూప్-2లో మాత్రం రాతపరీక్ష గట్టెక్కినవారిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పని చేయించి చూస్తారు. రెండుచోట్లా ఈ మార్కులు ర్యాంకులో కలవవు కాబట్టి చాలామంది దీనిని చివరి వారానికి నెట్టేస్తారు. కలవకపోతే పోనీ, అర్హత మార్కు రాకపోతే మిగిలిన పేపర్లలో పడిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

విశాఖలో ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల ఏ జెరాక్స్ షాపులో అడిగినా ఏ నుంచి జెడ్ వరకు షార్ట్‌కట్ల జాబితా దొరుకుతుంది. అది అక్షరక్రమంలో ఉండటమే దానితో వచ్చిన చిక్కు. కంట్రోల్ ఇ పేరాను మధ్యకు తెస్తుంది, దాని కిందనున్న కంట్రోల్ ఎఫ్ మాటను వెతుకుతుంది, ఆ కిందనున్న కంట్రోల్ జి కావలసిన పేజీకి తీసుకెళ్తుంది. ఈ మూడింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. సంబంధం లేనివాటిని వరుసగా బట్టీ పడితే, నాలుగు ఆప్షన్లూ ఒకే తీరుగా కనిపించే ప్రశ్న ఎదురైనప్పుడు తడబాటు తప్పదు. అందుకని జాబితాను పక్కన పెట్టి, ఒక్కో షార్ట్‌కట్ దేనిమీద పనిచేస్తుంది అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. వర్డ్‌లో ఫార్మాటింగ్ మూడు స్థాయుల్లో ఉంటుంది: అక్షరం, పేరా, సెక్షన్ (ఒకే పేజీ సెట్టింగులతో నడిచే పత్రం భాగం). ఈ మూడూ మనసులో విడివిడిగా కుదురుకుంటే అటు బిట్లూ ఇటు ప్రాక్టికలూ సగం దారికి వచ్చినట్టే.

అక్షరం స్థాయి తేలిక. బి, ఐ, యు అందరికీ తెలిసినవే. ప్రశ్నలు వాటి పక్కనున్న వాటి మీద వస్తాయి. కంట్రోల్ షిఫ్ట్ డి జంట గీత వేస్తుంది. కంట్రోల్ షిఫ్ట్ డబ్ల్యూ మాటల కింద మాత్రమే గీసి మధ్య ఖాళీలను వదిలేస్తుంది. కంట్రోల్ డి ఫాంట్ డబ్బాను తెరుస్తుంది. అక్షరం సైజు పెంచే దారులు రెండున్నాయి: కంట్రోల్‌తో కుడి చదరపు బ్రాకెట్ నొక్కితే సైజు ఒక్కొక్క పాయింటు చొప్పున పెరుగుతుంది, కంట్రోల్ షిఫ్ట్‌తో గ్రేటర్ దేన్ గుర్తు నొక్కితే డ్రాప్‌డౌన్‌లో ఉన్న తరువాతి సైజుకు దూకుతుంది. 12 మీద ఉన్న అక్షరం మొదటి పద్ధతిలో 13 అవుతుంది, రెండో పద్ధతిలో 14 అవుతుంది. అలాగే డ్రాప్‌డౌన్‌లో కనిపించే అతి పెద్ద సైజు 72 అయినా, ఆ డబ్బాలో స్వయంగా టైప్ చేస్తే 1638 వరకు తీసుకుంటుంది. ప్రశ్న ఏది అడుగుతున్నదో చూసి జవాబు పెట్టాలి. నీటి రసాయన సూత్రంలోని చిన్న రెండుకు కంట్రోల్‌తో ఈక్వల్ గుర్తు, చదరపు మీటరు పైనున్న రెండుకు దానికే షిఫ్ట్ కలపాలి. షిఫ్ట్ ఎఫ్3 ఇంగ్లీషు అక్షరాలను చిన్నబడి (abc), పెద్దబడి (ABC) మధ్య మారుస్తుంది.

పేరా స్థాయికి వస్తే, ముందుగా కంట్రోల్ షిఫ్ట్ 8 నొక్కి పేరా గుర్తులు కనిపించేలా చేసుకోండి. ఎంటర్ నొక్కిన ప్రతిచోటా ఒక గుర్తు, స్పేస్ నొక్కిన ప్రతిచోటా ఒక చుక్క, ట్యాబ్ నొక్కినచోట ఒక బాణం కనిపిస్తాయి. పేరాకు సంబంధించిన అమరికంతా ఆ చివరి గుర్తులోనే ఉంటుంది. షిఫ్ట్ ఎంటర్ నొక్కితే కొత్త వరుస వస్తుంది గాని కొత్త పేరా రాదు. అందుకే అక్కడ వేరే గుర్తు కనిపిస్తుంది. ఎల్ (ఎడమకు), ఇ (మధ్యకు), ఆర్ (కుడికి), జె (రెండు అంచులకూ సమంగా) అనే నాలుగు అమరికలూ, కంట్రోల్ 1, 2, 5 ఇచ్చే ఎడం, అంటే వరుసల మధ్య దూరమూ ఈ స్థాయివే. కంట్రోల్ 5 అంటే ఐదింతలు కాదు, ఒకటిన్నర. కంట్రోల్ సున్నా పేరాకు ముందు 12 పాయింట్ల ఖాళీ చేరుస్తుంది, మళ్ళీ నొక్కితే తీసేస్తుంది. అంగుళానికి 72 పాయింట్లు కాబట్టి ఆ ఖాళీ అంగుళంలో ఆరో వంతు. వీటిలో ఆల్ట్ కలిస్తే సంగతి మారిపోతుంది: కంట్రోల్ 1 ఒంటి ఎడం, కంట్రోల్ ఆల్ట్ 1 మొదటి స్థాయి హెడింగ్. మాక్ టెస్టుల్లో ఈ రెండింటినీ పక్కపక్కనే ఆప్షన్లుగా పెట్టడం నేను చూశాను.

ఈ స్థాయిలో ఒక్కదానిని మాత్రం తీరిగ్గా చేసి చూడమంటాను. ఆఫీసు లేఖలో విషయం అన్న మాట తరువాత వచ్చే వాక్యం రెండో వరుసలోకి పోయినప్పుడు, ఆ రెండో వరుస విషయం అన్న మాట కింద కాకుండా వాక్యం మొదలైన చోటుకు సరిగ్గా కింద మొదలవ్వాలి. చాలామంది స్పేస్ బార్ నొక్కుకుంటూ పోయి దానిని కంటి అంచనాతో సర్దుతారు. తరువాత ఒక్క మాట చేర్చినా ఆ సర్దుబాటంతా చెదిరిపోతుంది. కర్సర్‌ను ఆ పేరాలో ఉంచి కంట్రోల్ టి నొక్కితే మొదటి వరుస కదలకుండా మిగిలిన వరుసలు అర అంగుళం లోపలికి జరుగుతాయి. విషయం అన్న మాట అంతకంటే పొడుగ్గా ఉంటే మరోసారి నొక్కాలి. ఆపైన ఆ మాట పక్కన ఒక్క ట్యాబ్ ఇస్తే వాక్యం ఆ లోపలికి జరిగిన వరుసల అంచుకే వచ్చి నిలుస్తుంది. సూచిక కింద వచ్చే అంకెల వరుసలకూ ఇదే పద్ధతి. ఎక్కువైతే కంట్రోల్ షిఫ్ట్ టి వెనక్కి తెస్తుంది. నా దృష్టిలో లేఖ టైపింగులో ఇంతకు మించి అక్కరకొచ్చే షార్ట్‌కట్ లేదు. జెరాక్స్ జాబితాలో ఇది అట్టడుగున ఎక్కడో పడి ఉంటుంది.

స్థాయిలను విడదీసి చదివితే, ఫార్మాటింగ్ తీసేసే షార్ట్‌కట్ల మీద వచ్చే బిట్లకు బట్టీ అక్కరలేదు. కంట్రోల్ స్పేస్ అక్షరం స్థాయి ఫార్మాటింగ్‌ను తీసేస్తుంది, కంట్రోల్ క్యూ పేరా స్థాయిది తీసేస్తుంది. బోల్డ్ చేసి మధ్యకు తెచ్చిన శీర్షిక మీద కంట్రోల్ క్యూ నొక్కితే అది ఎడమకు పోతుంది గాని బోల్డ్ అలాగే ఉంటుంది. ఇది ఒక్కసారి చేసి చూస్తే చాలు.

ఇక పేజీ. మార్జిన్లు, కాగితం సైజు, నిలువా అడ్డమా అన్నది, పేజీ పైన వచ్చే హెడర్, అడుగున వచ్చే ఫుటర్, కాలమ్‌లు, ఇవన్నీ సెక్షన్ స్థాయివి. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. వర్డ్ 2007 నుంచి మామూలు మార్జిన్ నాలుగు వైపులా ఒక అంగుళం, అంటే 2.54 సెంటీమీటర్లు. బైండింగ్ కోసం అదనంగా వదిలే జాగాను గట్టర్ అంటారు. కంట్రోల్ ఎంటర్ కొత్త పేజీని ఇస్తుంది గాని కొత్త సెక్షన్‌ను ఇవ్వదు. ఒకే ఫైలులో ఒక పేజీ మాత్రం అడ్డంగా రావాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది.

దీనిని సాధన చేయడానికి జనరల్ స్టడీస్‌కు కూడా పనికొచ్చేలా మన ఊరి మీదే ఒక పత్రం తయారుచేసుకున్నాను. మొదటి పేజీలో విశాఖ పారిశ్రామిక చరిత్ర మీద రెండు పేరాలు. రెండో పేజీలో వెడల్పైన పట్టిక: ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926, ఓడరేవు 1933, వాల్‌చంద్ హీరాచంద్ నౌకానిర్మాణ కేంద్రం 1941, అక్కడ తయారై 1948లో జలప్రవేశం చేసిన జలఉష, 2002లో బీచ్ రోడ్డులో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి, ఒక్కోదాని పక్కన వివరాల గడులు. మూడో పేజీలో మళ్ళీ మామూలు రాత. నిలువు పేజీలో ఆ పట్టిక ఇమడదు. పట్టికకు ముందొకటి, తరువాత ఒకటి చొప్పున నెక్స్ట్ పేజ్ రకం సెక్షన్ బ్రేక్‌లు పెట్టి, కర్సర్‌ను మధ్య సెక్షన్‌లో ఉంచి ల్యాండ్‌స్కేప్ ఎంచుకుంటే ఆ ఒక్క పేజీయే అడ్డం తిరుగుతుంది. పట్టికను సెలెక్ట్ చేసి పేజ్ సెటప్ డబ్బాలో కింద ఉన్న అప్లై టు దగ్గర సెలెక్టెడ్ టెక్స్ట్ అని ఎంచుకున్నా వర్డే ఆ రెండు బ్రేక్‌లనూ పెడుతుంది. కొత్త సెక్షన్ హెడర్ మొదట పాత సెక్షన్ హెడర్‌ను అనుసరిస్తుంది. వేరే హెడర్ కావాలంటే లింక్ టు ప్రీవియస్‌ను ఆపేశాకే టైప్ చేయాలి, లేకపోతే ఇక్కడ మార్చినది వెనుక పేజీల్లోనూ మారిపోతుంది. ఈ ఒక్క పత్రాన్ని ఖాళీ పేజీ నుంచి మౌస్ ముట్టకుండా తయారుచేయగలిగితే పేజీ సెట్టింగుల మీద వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం చేతిలో ఉన్నట్టే.

వెర్షన్ల తేడాతో జాగ్రత్త. వర్డ్ 2007 నుంచి 2013 వరకు పేజ్ లేఅవుట్ అని ఉన్న ట్యాబ్ 2016లో ఉత్త లేఅవుట్ అయింది. వాటర్‌మార్క్, పేజీ బోర్డర్ 2013 నుంచి డిజైన్ ట్యాబ్‌లోకి వెళ్ళాయి. ఫార్మాట్‌ను మాత్రమే కాపీ చేసే కంట్రోల్ షిఫ్ట్ సి, వి జంటకు బదులు మైక్రోసాఫ్ట్ 365లో షిఫ్ట్ స్థానంలో ఆల్ట్ వచ్చింది. కోచింగ్ మెటీరియల్‌లో పాతదే ఉంటుంది కాబట్టి రెండూ గుర్తుంచుకోండి. ఇంట్లో వర్డ్‌కు బదులు ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ వాడుతున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే వర్డ్‌లో సేవ్ యాజ్ తెరిచే ఎఫ్12 అక్కడ అంకెల జాబితా పెడుతుంది, కంట్రోల్ 1 ఒంటి ఎడానికి బదులు హెడింగ్ పెడుతుంది. వీలైతే సాధన వర్డ్‌లోనే చేయండి. సొంత కంప్యూటర్ లేనివారు ఇంటర్నెట్ సెంటర్‌లో గంట లెక్కన కూర్చున్నా సరిపోతుంది. ల్యాప్‌టాప్ మీద కాకుండా పెద్ద కీబోర్డు మీద అలవాటు చేసుకుంటే పైవరుస ఎఫ్ కీల కోసం మరో కీ వెతుక్కునే ఇబ్బంది ఉండదు.

ప్రాక్టికల్‌లో పని వరుస గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఎఫ్12తో ఫైలుకు పేరు పెట్టాక, ఒక్క అక్షరం కూడా టైప్ చేయకముందే కాగితం సైజు, మార్జిన్లు పెట్టుకోవాలి. పట్టిక గడుల వెడల్పు, వరుసలు విరిగే చోటు వాటిని బట్టే ఉంటాయి. ఆ తరువాత ఏ హంగూ లేకుండా మొత్తం టైప్ చేసి, పేరా స్థాయి అమరికలు ఇచ్చి, చివరగా బోల్డ్, అండర్‌లైన్ వంటివి పెట్టాలి. టైప్ చేస్తూ మధ్యమధ్యలో సింగారించుకుంటూ పోయేవారికి వేగం రాదు. చేసిన పనినే మరోచోట చేయాలంటే ఎఫ్4 ఉంది. ఎంటర్లు రెండేసి పడిపోయి ఉంటే కంట్రోల్ హెచ్ తెరిచి, వెతికే గడిలో క్యారెట్ గుర్తు, పి అక్షరం జంటను రెండుసార్లు, మార్చే గడిలో ఒకసారి ఇచ్చి అన్నీ మార్చేయవచ్చు. ఆ క్యారెట్ గుర్తు ఆరు అంకె మీద ఉంటుంది, పి చిన్నబడిలోనే ఉండాలి.

అప్పగించే ముందు కంట్రోల్ ఎఫ్2తో ప్రింట్ ప్రివ్యూ చూడండి. పేజీ అడుగు వరకు వచ్చిన పట్టికతో పత్రం ముగిస్తే దాని వెనుక ఒక ఖాళీ పేజీ తగులుకుంటుంది. పట్టిక తరువాత వర్డ్ తప్పనిసరిగా ఉంచే పేరా గుర్తు కొత్త పేజీలోకి జారడమే దానికి కారణం. డిలీట్ కీ ఎన్నిసార్లు నొక్కినా అది పోదు. ఆ గుర్తును సెలెక్ట్ చేసి, కంట్రోల్ డితో ఫాంట్ సైజు 1 చేసి, పేరా ముందు వెనుకల ఖాళీని సున్నా చేసి, ఒంటి ఎడం ఇస్తే అది పట్టిక కిందనే సర్దుకుంటుంది, ఖాళీ పేజీ పోతుంది.