శాస్త్రం పక్కన పెట్టినవాడి శ్రద్ధ

భగవద్గీత పదహారో అధ్యాయం చివర్లో కృష్ణుడు ఖరాఖండిగా చెప్తాడు: ఏది చెయ్యాలో, ఏది చెయ్యకూడదో తేల్చుకోవడానికి నీకు శాస్త్రమే ప్రమాణం. అంత గట్టిగా చెప్పాక ఇంకెవరైనా తలూపి ఊరుకుంటారు. అర్జునుడు ఊరుకోలేదు. పదిహేడో అధ్యాయం అతని ప్రశ్నతోనే మొదలవుతుంది.

యే శాస్త్రవిధిముత్సృజ్య యజంతే శ్రద్ధయాన్వితాః
తేషాం నిష్ఠా తు కా కృష్ణ సత్త్వమాహో రజస్తమః

శాస్త్రవిధిని వదిలేసి, అయినా శ్రద్ధతో ఆరాధించేవాళ్ళ సంగతేమిటి అని. శాస్త్రం తెలియకపోయినా పెద్దలను చూసి శ్రద్ధగా పూజించేవాళ్ళ గురించే ఈ ప్రశ్న అని శంకరులు భాష్యం రాశారు. మంత్రం ఒక్కటీ రాకుండానే పోలేరమ్మకు పసుపు రాసి, వేపాకు కట్టి, చల్లగా చూడు తల్లీ అని మొక్కే మన ఊరి ఆడవాళ్ళు నాకు వెంటనే గుర్తొస్తారు.

మరి అసలు దేవుణ్ణే ఒప్పుకోనివాళ్ళు? శంకరుల వ్యాఖ్య అంతదూరం పోదు. కృష్ణుడి జవాబు మాత్రం పోతుందని నా నమ్మకం. "శ్రద్ధామయోఽయం పురుషో యో యచ్ఛ్రద్ధః స ఏవ సః" అన్నాడాయన. మనిషి శ్రద్ధతోనే తయారయ్యాడు, దేనిమీద శ్రద్ధ ఉంటే అదే అతను. ఇక్కడ మతం ఊసే లేదు.

ఈ శ్లోకం దగ్గర నాకు గోరా గుర్తొస్తారు. గోపరాజు రామచంద్రరావు గారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అంటరానితనం మీద పోరాడి, అన్ని కులాలవాళ్ళనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించిన మనిషి. తన పెద్దమ్మాయిని దళిత యువకుడికిచ్చి పెళ్ళి చేయాలనుకున్నప్పుడు, నిత్యం రామనామం జపించే గాంధీజీ ఆ పెళ్ళి సేవాగ్రామంలో జరిపిస్తానన్నారు. 1948 జనవరిలో ఆయన హత్యకు గురయ్యారు. ఆ పెళ్ళి తర్వాత అదే ఏడాది సేవాగ్రామంలోనే జరిగింది. ఒకరికి దేవుడున్నాడు, ఇంకొకరికి లేడు. పక్కవాడు మనతో సమానం అన్న దగ్గర ఇద్దరి శ్రద్ధా ఒక్కటే.

అలాగని శ్రద్ధ ఉంటే చాలు, ఏదైనా సరే అని గీత ఒప్పుకోదు. డాంబికంతో, అహంకారంతో, ఒంటిని హింసించుకుంటూ ఘోర తపస్సు చేసేవాళ్ళది అసుర నిశ్చయం అని ఈ అధ్యాయంలోనే ఉంది. తిరిగి ఏ ఉపకారమూ చేయలేనివాడికి, ఇవ్వాలి కాబట్టి ఇచ్చేదే సాత్త్విక దానం అనీ ఉంది. నేను రోజూ దీపం పెడతాను, పెట్టకపోతే నాకు రోజు గడిచినట్టుండదు. అయినా అధ్యాయం చివరి శ్లోకం చదివినప్పుడల్లా కొంచెం టెన్షన్‌గానే ఉంటుంది. శ్రద్ధ లేకుండా చేసిన హోమమైనా, దానమైనా, తపస్సైనా ఇక్కడా పనికిరాదు, పైలోకంలోనూ పనికిరాదు అంటుంది అది. ఆ మాట నాస్తికులకు కాదు, నాలాగా దీపం పెట్టేవాళ్ళకు.